అద్దె కాదు, బజానా

నేను మిరప రైతు కొడుకుని, చదివేది ఫిజిక్సు. షేర్ల గొడవ నీకెందుకయ్యా అని కామర్సు మిత్రులు నవ్వవచ్చు. నవ్వండి గాని, మొన్న వేసవి సెలవుల్లో ఆ గొడవ మా ఇంటి అరుగు మీదికే వచ్చింది. పట్నంలో ఉద్యోగం చేసే మా పెదనాన్నగారి అబ్బాయి నాన్నతో, "బాబాయ్, మిరపకాయల డబ్బు మూడు లక్షలూ నాకివ్వు. పుట్ ఆప్షన్లు అమ్ముతాను. నెలనెలా అద్దె వచ్చినట్టు వస్తుంది" అన్నాడు.

ఆ అద్దె అన్న మాట దగ్గరే నాకు పేచీ.

ఆప్షను అమ్మడం మా ఊరికి తెలియని విద్య కాదు. ఒక ఏడు కోతలకు ముందే షావుకారు వచ్చి, క్వింటాలు 12 వేలకు ఖాయం చేసి బజానా ఇచ్చాడు. కాయ కళ్ళానికి చేరేసరికి యార్డులో ధర 17 వేలు. మాట ప్రకారం 12 వేలకే తూచాం. ఇంకో ఏడు ధర పడిపోయింది. షావుకారు బజానా వదులుకొని మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. షేర్లు చేతిలో ఉంచుకొని కాల్ అమ్మడం, అంటే కవర్డ్ కాల్, అచ్చం ఇదే. బేరం దాటి పెరిగితే వాడిది, తరిగితే మనది, మనకు మిగిలేది బజానా. కాకపోతే షావుకారు మాట తప్పాడని మేం తిట్టుకున్నాం. అక్కడ వదిలేసి పోయే హక్కు కొన్నవాడికి రాతపూర్వకంగానే ఉంటుంది. థేలీజ్ ఆలివ్ గానుగలన్నిటికీ ముందే బజానా కట్టి, పంట విరగకాశాక ఎక్కువ అద్దెకిచ్చి లాభపడ్డాడని అరిస్టాటిల్ రాశాడు. అందరూ థేలీజ్ తెలివినే మెచ్చుకుంటారు. గానుగల వాళ్ళ గోడు ఎవరికి కావాలి!

పుట్ అమ్మడమంటే మనమే బీమా కంపెనీ అయి కూర్చోవడం. వెయ్యి రూపాయల షేరు, లాటుకు 700 అనుకోండి. "ఎంత పడ్డా 950కి కొంటాను" అని మాటిచ్చి, షేరుకు 15 చొప్పున 10,500 పుచ్చుకున్నాం. ధర 800కి దిగింది. ప్రీమియం పోను నష్టం 94,500. అంటే మరో తొమ్మిది నెలల "అద్దె". అంతటితో అయిపోదు. 2019 అక్టోబరు నుంచి మన దేశంలో షేర్ల ఆప్షన్లన్నిటికీ గడువునాడు షేర్లే చేతులు మారాలి. 6,65,000 కట్టి ఆ షేర్లు తీసుకోవాలి.

అంత సొమ్ము ఉండి, ఆ షేరు ఆ ధరకు ఎలాగూ కొందామనుకున్నవాడు పుట్ అమ్మితే నేను తప్పు పట్టను. షేర్లున్నవాడు, ఫలానా ధరకు సంతోషంగా వదులుకునేవాడు కాల్ అమ్మినా అంతే. కొంత మార్జిన్ మాత్రం కట్టి, మిగతాది దేవుడి మీద వేసేవాడి సంగతే వేరు. 2024 జూన్ 3న నిఫ్టీ 3 శాతం పైగా ఎగిరింది. మర్నాడు, ఎన్నికల ఫలితాల నాడు, దాదాపు 6 శాతం కూలింది. ఫ్యూచర్లు, ఆప్షన్లలో దిగిన వ్యక్తుల్లో మూడేళ్ళలో నూటికి 93 మంది నష్టపోయారని 2024 సెప్టెంబరులో సెబీ ప్రకటించింది. ఆ లెక్కలో కొన్నవాళ్ళూ అమ్మినవాళ్ళూ కలిసే ఉన్నారు, నిజమే. అయినా ఆ ఏడుగురిలో మనమే ఉంటామని అన్నయ్యకు ఎవరు చెప్పారో!

నేను కాగితం మీద ఈ లెక్క వేసి చూపించాను. నాన్న అన్నయ్యను ఒక్కటే అడిగాడు: "కొనాల్సొస్తే మిగతా మూడు లక్షల అరవై అయిదు వేలు ఎవరు తెస్తార్రా?"

అన్నయ్య కాఫీ చల్లారిపోతోందన్నాడు. మూడు లక్షలూ బ్యాంకులో పంట అప్పు కింద కట్టేశాం.