గర్భసంచి తీయించడమే మందా?

అబిడ్స్ దుకాణాలలో, నాంపల్లి కార్యాలయాలలో నలభై దాటిన స్త్రీలు ఎందరో పనిచేస్తున్నారు. ఆ వయసులో బహిష్టు లెక్క తప్పడం సహజం. కాని దానిని గురించి ఇంట్లో చెప్పుకోరు, పనిచేసే చోట అసలే చెప్పుకోరు. చివరకు భయపడి డాక్టరు దగ్గరకు వెళితే, గర్భసంచి తీయించుకుంటే పీడ వదులుతుందన్న సలహా పలువురికి ఎదురవుతున్నది.

వయసు మీరేకొద్దీ అండాశయాలలో అండాలు తగ్గిపోతాయి. కొన్ని నెలలలో అండం విడుదల కాదు. అది విడుదలైతేనే తగినంతగా తయారయ్యే ప్రొజెస్టిరాన్ హార్మోను ఆ నెల కొరవడుతుంది. గర్భసంచి లోపలి పొర మందమై, ఆలస్యంగా, ఒక్కసారిగా ఊడి వస్తుంది. అందుకే ఒకసారి ఇరవై రోజులకే, మరొకసారి రెండు నెలలకు బహిష్టు రావచ్చు. ఈ దశ కొన్నేళ్లు సాగుతుంది. వరుసగా 12 నెలలు బహిష్టు కాకపోతేనే ముట్లుడిగినట్లు లెక్క. అంతవరకు గర్భం రాదనుకోవడానికి వీల్లేదు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది! దేశంలో అత్యధికం ఈ రెండు రాష్ట్రాలలోనే. ఈ ఆపరేషన్లలో ఎక్కువ భాగం ప్రైవేటు ఆసుపత్రులలోనే జరిగాయి. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

ఆపరేషన్ అక్కరలేదని ఎవరూ అనరు. కొందరికి అది తప్పదు. కాని రక్తస్రావం తగ్గించే మాత్రలున్నాయి, గర్భసంచిలో అమర్చే హార్మోను పరికరం ఉన్నది. ముందుగా పరీక్షలు చేయించి, ఇవి పనిచేయనప్పుడు కదా కత్తి పట్టవలసింది? చిన్న వయసులో అండాశయాలు కూడా తీసివేస్తే ఎముకలు గుల్లబారుతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది.

అలాగని అన్నిటినీ వయసు మీదకు నెట్టడమూ ప్రమాదమే. గంటగంటకూ గుడ్డ మార్చవలసి వచ్చినా, రెండు బహిష్టుల మధ్య రక్తం కనిపించినా, ముట్లుడిగిన తర్వాత ఒక్క చుక్క కనిపించినా వెంటనే చూపించుకోవాలి. అది కాన్సరు గుర్తు కావచ్చు. నాంపల్లికి కూతవేటు దూరంలో, రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ ఆసుపత్రి, ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రి ఉన్నాయి.

అధికారులు చేయవలసినదీ ఉన్నది. నలభై దాటిన స్త్రీల కోసం ప్రభుత్వ ఆసుపత్రులలో వారానికి ఒక పూట కేటాయించాలి. నాంపల్లి నుమాయిష్‌లో స్త్రీలకు ప్రత్యేకించిన రోజున లేడీ డాక్టర్ల చేత సలహాలిప్పించవచ్చు. అబిడ్స్ దుకాణదారులు తమ దగ్గర పనిచేసే ఆడవారికి నీళ్లున్న మరుగుదొడ్డి, కూర్చోవడానికి ఒక స్టూలు ఏర్పాటు చేయాలి. వీటికి పెద్ద ఖర్చేమీ కాదు. తెలియక, అడగలేక స్త్రీలు కోల్పోతున్న ఆరోగ్యం ముందు ఆ ఖర్చు ఏపాటిది?