దూరపు జంట దీపములు

మరిపెడలో చీకటి పడిన పిదప వరంగల్లు–ఖమ్మము బాటప్రక్క నిలిచి చూడుడు. దూరమున నొక దీపము కనబడును. దగ్గరకు వచ్చుకొలది అది రెండుగా విడిపోవును. లారీ యని నిశ్చయింతుము. ఒక్కొక్కప్పుడు అవి ప్రక్కప్రక్కన వచ్చు రెండు మోటారు సైకిళ్లు కావచ్చును. చెరువుకట్టనుండి చూచినచో ఒకే దీపము నీటిలోని తన నీడతో గూడి రెండైనట్లు తోచును. కంటికి రెండు కనబడినంతమాత్రమున వస్తువులు రెండని చెప్ప వలనుపడదు.

ఆకాశమును పరిశోధించువారికిని ఇదే చిక్కు. పెద్ద నక్షత్రమండలముల నడుమ సూర్యునికంటె లక్షల, కోట్ల రెట్లు బరువైన కృష్ణబిలములు కలవు. అట్టి మండలములు రెండు కలిసిపోవునపుడు వాని కృష్ణబిలములు క్రొత్త మండలపు నడిమికి జారి, ఒకదాని చుట్టు నొకటి తిరుగును. కృష్ణబిలము వెలుగు నీయదు. దానిలో పడబోవు వాయువు వేడెక్కి వెలుగును; కొన్నిటి చెంతనుండి పదార్థము ధారలుగా చిమ్మి రేడియో తరంగములను పంపును. ధూళి వీనిని అడ్డగింపలేదు. వేల మైళ్ల యెడమున నున్న రేడియో దూరదర్శినులను జతపరచినచో అవన్నియు నొక మహానేత్రమువలె పనిచేసి, మిక్కిలి దగ్గరగా నున్న బిందువులను సైతము విడదీసి చూపును.

2017లో పుణెలోని జాతీయ రేడియో ఖగోళభౌతిక కేంద్రమునకు చెందిన ప్రీతి ఖర్బ్, ధరమ్‌వీర్ లాల్, అమెరికాలోని డేవిడ్ మెరిట్‌తో కలిసి, ఎన్.జి.సి. 7674 అను మండలమున అట్టి రెండు బిందువులు కనబడినవని ప్రకటించిరి. ఆ మండలము సుమారు 40 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున నున్నది. బిందువుల నడిమి యెడమో, ఒక కాంతి సంవత్సరమునకు కొంచె మెక్కువ. 2022లో మరికొందరు శాస్త్రజ్ఞులు పరిశీలనలను తిరిగి లెక్కించి, ఆ జంటకు ఆధారము కానరాదనిరి.

ఇందులో అవమాన మేమున్నది? మొదటివారు తాము చూచినదానిని, చూచిన విధమును ముద్రించిరి కనుకనే రెండవవారు పరీక్షింపగలిగిరి. మొదటి వార్తను గొప్పగా చెప్పుకొని, రెండవదానిని మఱచుటయే తప్పని నా తలంపు. పరీక్షలో ప్రశ్నకు ఒక్క సమాధానమే వ్రాయవలసిన మీకు ఇది కొంత చిరాకు కలిగింపవచ్చును. అయినను రెండును తెలియవలసినవే.

పరీక్షకు నిలిచిన జంటయు కలదు. 0402+379 అను మండలమున 24 కాంతి సంవత్సరముల యెడముతో రెండు కృష్ణబిలము లున్నవని 2006లో చెప్పిరి. అంతటితో నూరకుండలేదు. పండ్రెండేండ్ల పరిశీలనలను పోల్చి, వానిలో నొకటి రవంత కదలినట్లు 2017లో కనుగొనిరి. ఒక చుట్టు తిరుగుటకు సుమారు 30,000 ఏండ్లు పట్టునట!

ఈ వెదకులాటలో మన ప్రాంతమువారును కలరు. గడియారమువలె క్రమము తప్పక రేడియో స్పందనములు పంపు మృతనక్షత్రములను పల్సారు లందురు. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐ.ఐ.టి. హైదరాబాదువారు పాల్గొన్న భారతీయ బృందము, ఐరోపావారితో కలిసి 25 పల్సారుల స్పందనములను లెక్కించి, విశ్వమున గురుత్వ తరంగముల సన్నని రొద యున్నట్లు తోచుచున్నదని 2023 జూన్ 29న ప్రకటించినది. అసంఖ్యాకములైన కృష్ణబిలముల జంటలు దానికి కారణము కావచ్చును. ఆధారము లభించినదనిరే కాని, రుజువైనదని వారు చెప్పలేదు. పుణెకు ఉత్తరమున ఖోడదులోని 30 దూరదర్శినులు పల్సారులను ఇంకను గమనించుచునే యున్నవి.