బెదరిన దేహమునకు ఊరట

1939 సెప్టెంబరు 1వ తేదీన లండను రైలు స్టేషన్లలో బాలబాలికలు బారులు తీరి నిలిచిరి. ఒంటిపై పేరు వ్రాసిన చీటీ, భుజమున విషవాయువునుండి కాపాడు ముసుగు పెట్టె, వెంట బడిపంతులు. జర్మను బాంబుల వాత పడకుండ బ్రిటిషు ప్రభుత్వము మూడు నాళ్లలో నగరములనుండి సుమారు 15 లక్షలమందిని పల్లెలకు తరలించెను. వారిలో పెక్కురు పిల్లలే. బాంబు దూరమైనచో భయమును దూరమగునని పెద్దల లెక్క.

లెక్క తప్పలేదు కాని చాలలేదు. 1941లో లండనులోని హాంప్‌స్టెడ్‌నందు యుద్ధకాల శిశుసదనములు నెలకొల్పిన ఆనా ఫ్రాయిడ్, డరోతీ బర్లింగ్‌హామ్ అను విదుషీమణుల నివేదికలు చదివినవారికి ఇది తేటపడును. తల్లి నిబ్బరముగా ఉన్నచోట బాంబుల మోతను పసివారు తట్టుకొనిరి. తల్లికి దూరమైన బిడ్డలు బాంబు పడని చోటను కుమిలిరి. మరియొక తల్లి కథ వేరు. ప్రమాదసూచన వినబడగనే ఆమె గుమ్మమున నిలిచి వణకెడిది. అయిదేండ్ల కొడుకును నిద్రపోనీయక, బట్టలు తొడిగించి, చేయి పట్టించుకొని పక్కన నిలుపుకొనెడిది. బాలుడు మిక్కిలి బెదురుగొట్టయ్యెను, పక్క తడపసాగెను. ఆమె చెంత లేక సదనమున ఉన్నప్పుడు విమానదాడులలో సైతము వానికి ఆ బెదురు కానరాలేదు. వానికి భయము సోకినది తల్లి అరచేతినుండి.

భయము మనస్సున పుట్టు ఊహ అనుకొనుట పొరపాటు. 1915లో అమెరికా శరీరశాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ వివరించినట్లు, ఆపద ఎదురైనంతనే అధివృక్క గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తములోనికి విడుచును. గుండె వడి హెచ్చును, జీర్ణక్రియ మందగించును, కండరములు పోరుటకో పారిపోవుటకో సిద్ధమగును. పిమ్మట వేగస్ నాడి గుండెకు కళ్లెము వేయవలెను. తీవ్రాఘాతము తిన్నవారిలో ఈ కళ్లెము పట్టు తప్పవచ్చును. ఆపద గడచినది, దేహమునకు ఆ కబురు అందలేదు.

(వేగస్ పేర నేడు ప్రచారమగు సిద్ధాంతములన్నియు గట్టివి కావు, స్టీఫెన్ పోర్జెస్ ప్రతిపాదించిన పాలీవేగల్ సిద్ధాంతమును శాస్త్రజ్ఞులు పలువురు అంగీకరింపరు.) తోడు వలన బెదురు తగ్గుననుటకు వేరు సాక్ష్యము కలదు. 2006లో ప్రచురితమైన జేమ్స్ కోన్ బృందపు ప్రయోగమున, విద్యుదాఘాతము తగులవచ్చునని హెచ్చరింపబడిన 16 మంది వివాహితల మెదళ్లను పరీక్షించిరి. భర్త చేయి పట్టుకొనినప్పుడు మెదడులోని కలవరము తగ్గెను. అపరిచితుని చేయియు కొంత మేలు చేసెను. దాంపత్యము చక్కగా సాగు స్త్రీలకు భర్త చేయి మరింత మేలు చేసెను. దుఃఖితుల వెన్ను నిమురు తెలుగింటి ముసలమ్మలకు ఇది కొత్త కాదు.

బడిగడప దగ్గర మాత్రము ఈ ఎరుక ఆగిపోవుచున్నది. ఇల్లు వరదపాలైన పిల్లయో, తండ్రి చావును కన్నులార చూచిన పిల్లవాడో తలుపు చప్పుడునకు ఉలికిపడి, పాఠము అప్పగింపలేకపోయినచో, 'నీ ధ్యాస ఎక్కడ?' అను గద్దింపే ముందు వచ్చును. బెత్తము ఆ దేహమునకు మరియొక ఆపద. 'మరచిపో, ధైర్యముగా ఉండు' అను హితవు మెత్తనిదే, అయినను పనికిరాదు. మొదటి ప్రపంచయుద్ధమున సైనికులకు చికిత్స చేసిన రివర్స్ వైద్యుడు ఇట్టి బలవంతపు మరపును 1918 నాటి వ్యాసములోనే తప్పుపట్టెను.

ఉపాధ్యాయుడు వైద్యుడు కానక్కరలేదు, కాబూనరాదు కూడ. అట్టి బిడ్డకు బడిలో ఒక్క మనిషిని కేటాయించుట చాలును: ప్రతి ఉదయము అదే ముఖము, అదే గొంతు, పాఠమునకు ముందు రెండు మాటలు. అయితే ఫలితము వెంటనే అందముగా ఉండదు. హాంప్‌స్టెడ్‌లో మొదట దాదులందరును పిల్లలందరిని చూచెడివారు. పిమ్మట ఒక్కొక్క దాదికి కొందరు పిల్లలను అప్పగించి చిన్న కుటుంబములుగా ఏర్పరచిరి. అసూయలు, ఏడ్పులు, దాదిని గది దాటనీయని మంకుపట్లు ఒక్కసారిగా పెరిగెను. పని చెడినట్లే తోచెను. కొంతకాలమునకు ఆ కలత అణగినది. వెనుకబడిన పిల్లలు ఎదుగుదలలో ముందడుగు వేసిరి.