పార్శ్వపు నొప్పి సాకు కాదు, జబ్బు

1994 సెప్టెంబరులో సూరత్ నగరాన్ని ప్లేగు వణికించింది. లక్షలాది ప్రజలు దొరికిన రైలెక్కి ఊరు విడిచారు. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వలస వెళ్లిన మన నేత కార్మికులకు ఆ రోజులు నేటికీ గుర్తే. ఆ రైళ్లను నడిపినవారు రైల్వే సిబ్బందే. మరుసటి సంవత్సరం కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాములో నగరపాలక సంస్థ చెత్త తరలింపును, పారిశుద్ధ్యాన్ని, అధికారుల దైనందిన బాధ్యతలను చక్కదిద్దింది. 1996లో ఇన్‌టాక్ సంస్థ దేశంలోని పరిశుభ్ర నగరాలలో సూరత్‌కు రెండవ స్థానమిచ్చింది. ప్రజలు వారే, ఏర్పాట్లు మారాయి.

ప్లేగు అందరికీ కనిపించిన జబ్బు కనుక యంత్రాంగం కదిలింది. కాని అదే సూరత్ స్టేషనులోను, తపాలా సార్టింగులోను, దేశమంతటా మన కార్యాలయాలన్నింటిలోను ఎవరి కంటికీ కనిపించని జబ్బు ఒకటున్నది. అది పార్శ్వపు నొప్పి. డాక్టర్లు మైగ్రేన్ అంటారు. పై అధికారులు "సాకు" అంటారు.

ఇది మామూలు తలనొప్పి కాదు, నాడీమండలానికి సంబంధించిన వ్యాధి. ఒకసారి వస్తే నాలుగు గంటల నుంచి మూడు రోజుల వరకు మనిషిని పడవేస్తుంది. వాంతులవుతాయి. వెలుతురు, చప్పుడు భరించరానివవుతాయి. ప్రపంచంలో వంద కోట్లకు పైగా జనం దీనితో బాధపడుతున్నారని అంచనా. పురుషులకన్న స్త్రీలలో ఇది రెండు మూడు రెట్లు అధికం. కొందరికి నొప్పికి ముందే కళ్ల ఎదుట మెరుపు గీతలు కదలాడి, చూపులో కొంత భాగం మసకబారుతుంది.

ఈ వ్యాధిని ఉద్యోగమే పుట్టించిందని మేము అనము. కాని ఉద్యోగం దానిని రేపుతున్నది. నిద్ర తప్పటం, వేళకు తిండి లేకపోవటం, దాహం, ఎండ, మిరుమిట్లు గొలిపే దీపాలు, ఎడతెగని రొద: నొప్పిని రేపే కారణాలివి. ఇవే మన డ్యూటీ చార్టులో రాసివున్నట్లున్నవి! బట్టల మార్కెట్ల పార్శిళ్లు గుట్టలుగా పడే సూరత్ వంటి చోట రాత్రి సార్టింగు చేసే ఉద్యోగినీ, ఇంజనులో మరుగుదొడ్డి లేదని దాహాన్ని అణచుకొనే మహిళా లోకో పైలటునూ అడగండి, చెబుతారు.

మా ఎరుకలోని సంగతి ఒకటి. ఊరూ పేరూ చెప్పము. ఒక సార్టింగు అసిస్టెంటు రాత్రి డ్యూటీలో పిన్‌కోడు అంకెలు కనిపించటం లేదని ఇన్‌చార్జికి మొరపెట్టుకున్నది. "టీ తాగి రామ్మా, సర్దుకుంటుంది" అన్నాడాయన. ఆమె అలాగే పని చేసింది. మూడవ రోజున తప్పు సార్టింగుకు మెమో వచ్చింది. ఆ మెమోలో పిన్‌కోడుల ప్రస్తావన ఉన్నది. నొప్పి ప్రస్తావన లేదు.

రన్నింగ్ సిబ్బంది స్థితి మరింత సున్నితం. సిగ్నలు చూడవలసిన క్షణంలో చూపు మసకబారితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. అయినా జబ్బు సంగతి పైకి చెబితే డీకేటగరైజ్ చేస్తారని, రన్నింగ్ అలవెన్సు పోతుందని భయపడి దాచుకొనేవారున్నారు. దాచుకున్న జబ్బు ఉద్యోగికీ ప్రమాదమే, ప్రయాణికులకూ ప్రమాదమే. శిక్షిస్తామన్న బెదిరింపు వలన భద్రత రాదు. నిర్భయంగా చెప్పుకొనే వీలున్నప్పుడే వస్తుంది.

చట్టం ఏమంటున్నది? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 20వ సెక్షను ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం సంభవించిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తొలగించరాదు, హోదా తగ్గించరాదు. ఉన్న పోస్టుకు తగకపోతే అదే వేతన స్కేలుతో వేరే పోస్టు ఇవ్వాలి. అయితే చట్టం షెడ్యూలు దీర్ఘకాలిక నాడీ వ్యాధులను పేర్కొంటున్నదే గాని, మైగ్రేన్‌ను పేరెత్తి చెప్పలేదు. ఈ లోటును చూపి యాజమాన్యం తప్పించుకోకుండా చూడటం సంఘం పని. పనివేళలు ఆరోగ్య సమస్యేనని 1973లో సమ్మె చేసి, పది గంటల డ్యూటీ సూత్రాన్ని ప్రభుత్వంచేత ఒప్పించిన లోకో కార్మికుల వారసులము మనము.

కనుక మేము కోరుతున్నవి ఇవి:

1. ప్రతి పెద్ద స్టేషనులోను, రన్నింగ్ రూములోను, సార్టింగు కేంద్రంలోను చీకటిగా, నిశ్శబ్దంగా ఉండే విశ్రాంతి గది.

2. నొప్పి మొదలైన వెంటనే రిలీఫు. ఆ సమయంలో జరిగిన పొరపాటుకు మెమో ఇచ్చే ముందు వైద్యుని అభిప్రాయం.

3. ఈ వ్యాధి నిర్ధారణ అయినవారికి నిలకడైన రోస్టరు, వేళకు భోజన విరామం. అందరికీ తాగునీరు, ఇంజనులలో మరుగుదొడ్లు.

4. మిణుకు మిణుకుమనే ట్యూబులైట్ల మార్పు. కంప్యూటరు తెరల వెలుగును తగ్గించుకొనే స్వేచ్ఛ.

5. రైల్వే ఆసుపత్రులలో నాడీ వైద్య నిపుణుని సలహా, తగిన మందులు.

6. శాఖాపరమైన ఉద్యోగుల సెలవు నియమాలు వర్తించని గ్రామీణ డాక్ సేవకులకు అనారోగ్య సెలవు సౌకర్యం.

వీటిలో కొండలు పిండి చేయవలసిన పని ఒక్కటీ లేదు. "అందరూ తలనొప్పి అంటే పని ఎవరు చేస్తారు?" అని అడిగే అధికారికి మా సమాధానం ఒక్కటే. ఒక గంట విశ్రాంతితో తేరుకొనగల మనిషిని నిలబెట్టి పని చేయించి, మూడు రోజులు మంచాన పడవేయటం పొదుపు కాదు.

సభ్యులకూ ఒక మాట. మందుల షాపు బిళ్లలతో ఏళ్లు గడపవద్దు. నెలలో పది పదిహేను రోజులు నొప్పి మాత్రలు మింగితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. డాక్టరుకు చూపించండి, నొప్పి వచ్చిన తేదీలు, ఆనాటి డ్యూటీ వేళలు ఒక పుస్తకంలో రాసిపెట్టండి. చికిత్సకూ, సంఘం వాదనకూ అదే సాక్ష్యం. పక్క బల్ల దగ్గరి సోదరి తల పట్టుకుంటే నవ్వకండి.

బ్రాంచి కార్యదర్శులు ఈ వివరాలను పేర్లు బయటపడకుండా సేకరించి, రైల్వేలో పి.ఎన్.ఎం. సమావేశాలలోను, తపాలాలో నెలసరి సమావేశాలలోను చర్చనీయాంశంగా పెట్టాలని కోరుతున్నాము. ఏర్పాట్లు మారితే ఊరే మారుతుందని సూరత్ నిరూపించింది. ఒక సార్టింగు హాలు, ఒక రన్నింగ్ రూము మారలేవా?