మా పిల్లలు పెరగలేదా?

ఒక పెద్దాయన గరాజ్‌లో ఏళ్ల తరబడి పడున్న పసిపిల్లల క్రిబ్‌ని దుమ్ము దులిపి, నెలలు నిండిన పక్కింటి అమ్మాయికి ఇచ్చేస్తున్నారు. అమెరికాలో మన ఇళ్లలో ఇదో దానగుణం! ఒక పక్క ఊచలు కిందికి జారే రకం అది. జారే చోట ప్లాస్టిక్ క్లిప్పు విరిగితే జిప్ టైతో బిగించారు. ఇల్లు మారినప్పుడు విప్పి బిగించడంలో రెండు స్క్రూలు ఎటో పోయాయి. "ఇవి నిషేధించిన రకం కదండీ" అంటే, "మా ఇద్దరూ ఇందులోనే పెరిగారమ్మా, ఏమైంది వాళ్లకి?" అని నవ్వు.

ఏమీ కానివాళ్లే కదా నవ్వగలిగేది! 2000 నుంచి పదేళ్లలో ఈ జారుడు పక్కలు కనీసం 32 మంది పసివాళ్లను పొట్టన పెట్టుకున్నాయని లెక్క తేలాక, 2011 జూన్ 28 నుంచి వాటి అమ్మకాలు ఆపించారు. క్లిప్పు ఊడితే ఆ పక్క పరుపుకి ఎడంగా జరుగుతుంది. ఆ సందులోకి బిడ్డ ఒళ్లు జారుతుంది, తల ఇరుక్కుంటుంది. కేక పెట్టడానికి ఊపిరాడాలి కదా? పక్క గదిలోనే ఉన్నా మీకేం వినపడుతుంది?

1998లో షికాగోలో డానీ కీసార్ అనే ఏడాదిన్నర నిండని పిల్లవాడు మరో రకం క్రిబ్‌లో పోయాడు. డే కేర్‌లో పడుకోబెట్టిన మడత క్రిబ్ కుప్పకూలి మెడకు బిగుసుకుంది. అయిదేళ్ల ముందే, 1993లోనే, వెనక్కి పిలిచిన సరుకది! ఆ కబురు చేరవలసినవాళ్లకు చేరనే లేదు. ఆ పిల్లాడి పేరుతో 2008లో చట్టం చేసి, ప్రతి కొత్త క్రిబ్‌తోనూ ఒక కార్డు పెట్టించారు. పేరూ అడ్రసూ నింపి పంపితే, లోపం బయటపడ్డ రోజు కంపెనీయే కబురు చేస్తుంది. ఆ కార్డు మన ఇళ్లలో అట్టపెట్టెతో పాటే చెత్తలోకి పోతోంది. కారుకి రీకాల్ ఉత్తరం వస్తే మర్నాడే డీలర్ దగ్గరికి పరిగెత్తే పెద్దమనుషులమే మనం! పోనీ, ఎవరో బుద్ధిగా నింపారే అనుకుందాం. కబురు మొదటి ఇంటికి వెళ్తుంది, క్రిబ్ అప్పటికి నాలుగో ఇంట్లో ఉంటుంది.

ఇక "మొహమాటానికి తీసుకున్నాం, పెద్దాయన బాధపడతాడు" అనేవాళ్లు. ఆయన బాధపడితే పడనీయండి! పోయేది ఎవరి బిడ్డ?

జారుడు పక్క ఉన్నదాన్ని అమ్మకండి, ఊరికే ఇవ్వకండి, గుడికి దానం చేయకండి. చెత్తలో పెట్టేటప్పుడైనా ఊచలు విరగ్గొట్టి మరీ పెట్టండి. చెక్కుచెదరకుండా రోడ్డు పక్కన వదిలేస్తే, చీకటి పడేలోపు ఇంకెవరో కారు డిక్కీలో వేసుకుపోతారు.