బస్సు రెండోసారి రావాలి

హైదరాబాద్‌లో ఆబిడ్స్ నుంచి అఫ్జల్‌గంజ్ ఎంత దూరం? రెండు మూడు కిలోమీటర్లు. అక్కడ ప్రభుత్వ దంత వైద్య కళాశాల 1959 నుంచీ ఉంది. అంత దగ్గర్లో పళ్ళ ఆస్పత్రి ఉండగా నాంపల్లి బడి గేటు దగ్గరికి పళ్ళ డాక్టర్ల బస్సు ఎందుకు అని అడిగేవాళ్ళున్నారు. నాలుగిళ్ళలో పనిచేసే తల్లి పిల్లాణ్ణి తీసుకుని పొద్దున్నే ఓపీ చీటీ కోసం వరసలో నిలబడితే ఆ రోజు పని పోతుంది, పిల్లాడి బడి పోతుంది. పంటి వైద్యం ఒక్కరోజుతో తేలదు. ఎక్స్‌రేకి ఒకరోజు, నరం శుభ్రం చేయడానికి ఇంకోరోజు రమ్మంటారు. అందుకని లవంగం నొక్కిపెట్టి రోజులు నెట్టుకొస్తారు. చెంప వాచి, రాత్రి నిద్ర లేకుండా ఏడ్చాక వెళితే అప్పటికి పీకడమే మిగులుతుంది. కాబట్టి బస్సు రావాల్సిందే. నా పట్టుదలంతా అది మళ్ళీ రావాలన్నదే.

దంత వైద్య మండలి 2002-03లో దేశమంతటా జరిపిన సర్వేలో 12 ఏళ్ళ పిల్లల్లో సగానికి పైగా పిప్పి పళ్ళు కనిపించాయి. "పాల పళ్ళే కదా, ఎలాగూ ఊడిపోతాయి" అన్న మాట మన ఇళ్ళలో చాలా నష్టం చేసింది. ఆరేళ్ళప్పుడు పాల దవడ పళ్ళ వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, కొత్త దవడ పళ్ళు వస్తాయి. పైన రెండు, కింద రెండు. ముందు పన్ను ఊడితే వచ్చింది కాదు కనక ఇవీ పాలవేనని తల్లిదండ్రులు అనుకుంటారు. నిజానికి అవి జన్మంతా నమలాల్సిన పళ్ళు. వాటి పైన లోతైన గాడులుంటాయి. చాయ్‌లో ముంచిన బిస్కెట్ ముద్ద ఆ గాడుల్లో ఇరుక్కుంటే చిన్నపిల్లల బ్రష్ అంతదాకా అందదు.

బస్సులో ఆ పన్నును కాపాడే పని చూడండి. పాపను కుర్చీలో వాల్చి, బుగ్గకీ పన్నుకీ మధ్య దూది ఉండ పెడతారు. గాడుల మీద జెల్ రాసి, కడిగి, ఆరబెడతారు. పల్చటి పూత పోసి నీలి వెలుతురు చూపిస్తే అది గట్టిపడుతుంది. సూది గుచ్చడం లేదు, డ్రిల్ చప్పుడు లేదు. కొన్ని నిమిషాల పని. అయితే ఆ పూత అంచున ఊడొచ్చు, చూసి మళ్ళీ వేయాలి. ఫ్లోరైడ్ వార్నిష్ కూడా ఆరు నెలలకోసారి రాస్తేనే ఫలితం. ఒక్కసారి వచ్చి వెళ్ళిపోయే బస్సు సగం పని చేసినట్టే.

ప్రభుత్వం దగ్గర దారి లేకపోలేదు. 2013 ఫిబ్రవరిలో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో పిప్పి పళ్ళూ ఉన్నాయి. కానీ బడికి వచ్చే సంచార బృందంలో ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక నర్సు, ఒక ఫార్మసిస్టు ఉంటారు. పళ్ళ డాక్టరు జిల్లా కేంద్రంలో ఉంటారు. బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు వస్తే బడికి ఒక్కసారే వస్తుంది. నోట్లో టార్చి వేసి చూసి చీటీ రాసిస్తారు. ఆ చీటీతో కథ మళ్ళీ ఓపీ వరస దగ్గరికే వస్తుంది. 2018 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన కంటి వెలుగు పథకాన్ని జనం నమ్మింది దగ్గరి చూపు అద్దాలు అక్కడికక్కడే చేతిలో పెట్టినందుకు. పళ్ళకూ అంతే, వైద్యం అక్కడే జరగాలి.

న్యూజీలాండ్ 1921లోనే బడి పిల్లల పళ్ళ కోసం ప్రత్యేకంగా నర్సులకు శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది. బడి ఆవరణల్లోనే చిన్న క్లినిక్‌లు కట్టి ఆరు నెలలకోసారి పిల్లల్ని చూసే పద్ధతి పెట్టుకుంది. అది ధనిక దేశం కదా అనొచ్చు. పిప్పిని చేతి పనిముట్లతోనే తీసి గ్లాస్ అయొనోమర్ సిమెంటుతో నింపే పద్ధతి 1980లలో టాంజానియాలో పుట్టింది. దానికి కరెంటు కూడా అక్కర్లేదు. ఆ సిమెంటునూ, పుచ్చును ఆపే సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్‌నూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. సిల్వర్ మందు రాసినచోట పన్ను నల్లబడుతుంది, ఆ సంగతి తల్లికి ముందే చెప్పాలి. చెప్పకపోతే మరుసటిసారి సమ్మతి పత్రం మీద సంతకం రాదు. నాంపల్లిలో ఆ పత్రం ఉర్దూలో కూడా ఉండాలి.

నగరంలోని డెంటల్ కాలేజీల వాళ్ళు శిబిరాలు పెడుతూనే ఉంటారు. వాళ్ళ సేవను తక్కువ చేయను. ఎండలో నిలబెట్టిన బస్సులో, నీళ్ళ ట్యాంకు ఎప్పుడు అయిపోతుందో చూసుకుంటూ, వచ్చిన ప్రతి పిల్లాణ్ణి బుజ్జగిస్తూ పనిచేయడం తేలిక కాదు. కానీ శిబిరం ముగిశాక ఎంతమందిని పరీక్షించారన్న లెక్కే బయటికొస్తుంది. ఎన్ని పళ్ళు నింపారు, ఎన్ని గాడులు మూశారు, పోయినసారి వేసిన పూతల్లో ఎన్ని నిలిచాయి అన్న లెక్క కావాలి. ఆ మూడో లెక్క చెప్పాలంటే రెండోసారి రాక తప్పదు.

జిల్లా విద్యాశాఖ, వైద్యారోగ్య శాఖ కూర్చుని ఆబిడ్స్, నాంపల్లి సర్కారు బడులను కాలేజీలకు పంచాలి. ఒక్కో బడికి ఒకే కాలేజీ, ఏటా అదే. జూన్‌లో బడి తెరవగానే బస్సు వచ్చే రెండు తేదీలూ నోటీసు బోర్డు మీదికి ఎక్కాలి. పరీక్షల రోజులు తప్పించాలి. మొదటి ఏడాది ఒకటి, రెండు తరగతుల పిల్లలతో మొదలుపెట్టినా చాలు, ఆ నాలుగు దవడ పళ్ళు వచ్చేది ఆ వయసులోనే.