దేశీయ పానీయములు - విలీన సమస్య

శీతలపానీయముల వర్తకమున కొలది సంవత్సరములుగా జరుగుచున్న క్రయవిక్రయములను పరికించువారికి ఒక విషయము స్పష్టపడక మానదు. 2022లో రిలయన్సు సంస్థవారు చిరకాలముగా మూలబడియున్న కాంపాకోలా నామధేయమును కొనిరి. మరుసటి యేట దానిని మరల అంగళ్లకు తెచ్చిరి. 2023 జనవరిలో, సూరతు నగరమున నూరేండ్ల చరిత్రగల సోస్యో పానీయపు సంస్థయందు సగము భాగమును గ్రహించుటకు నిశ్చయించుకొనిరి. 2024 డిసెంబరులో కోకాకోలావారు ఈ దేశమున తమ సీసాల పరిశ్రమను నడపు సంస్థయందు 40 శాతము భాగమును జూబిలెంట్ భర్తియా వారికి విక్రయించుటకు ఒడంబడిరి. కొన్నది స్వదేశీయుడైనను విదేశీయుడైనను ఫలితమొక్కటియే: పేరులు అనేకములుగా నుండును, యజమానులు మాత్రము నానాటికి తగ్గుచున్నారు.

ఇవి బొంబాయి, ఢిల్లీ ధనవంతుల బేరములు గదా, గోదావరి తీరవాసులకు వీనితో నేమి పని యని కొందరడుగవచ్చును. పని కలదనియే మా యభిప్రాయము. ఈ సమస్యయొక్క రెండు ముఖములును మన కనులయెదుటనే యున్నవి.

గౌతమీ తీరమున కపిలేశ్వరపురము కలదు. ఆ గ్రామపు జమీందారీ కుటుంబమువారి సర్వరాయ షుగర్స్ సంస్థ చెల్లూరున చక్కెర కర్మాగారమును నెలకొల్పినది. ఆ సంస్థయే రాజమహేంద్రవరము చెంత వేమగిరిలో కోకాకోలావారి పానీయములను సీసాలలో నింపు పరిశ్రమను చేపట్టినది. అచ్చటికి కొలది క్రోసుల దూరముననే రామచంద్రపురము కలదు. 1919లో అడ్డూరి రామచంద్రరాజుగారు ప్రారంభించిన సోడా వ్యాపారము ఆ పట్టణముననే పెరిగి, ఆర్టోస్ యను పేర గోదావరి జిల్లాల ప్రజలకు చిరపరిచితమైన పానీయమైనది. నూరేండ్లు గడచినను అది ఆ కుటుంబమువారి చేతిలోనే యున్నది.

ఈ రెండింటిలో ఒకటి మంచిది, మరియొకటి చెడ్డదని మేము తీర్పు చెప్పబూనలేదు. రెండును స్థానికులకు పని కల్పించినవే. రెండింటను స్థానికుల మూలధనము, పరిశ్రమ కలవు. భేదము వేరొకచోట నున్నది. వేమగిరిలో నింపు సీసాపై నేమి పేరుండవలెనో, అందలి పాకమెట్లుండవలెనో నిర్ణయించునది సముద్రములకావలి అట్లాంటా నగరము. ఆర్టోస్ విషయమున ఆ నిర్ణయము రామచంద్రపురముననే జరుగును. విలీన సమస్య యనగా రుచికి సంబంధించిన సమస్య యని సామాన్యముగా తలచుచున్నారు. అది నిర్ణయాధికారమునకు సంబంధించిన సమస్య యని మేము మనవి చేయుచున్నాము.

ఇటీవలి చరిత్రమే ఇందుకు సాక్ష్యము. 1977లో, విదేశీయ సంస్థలు తమ భాగమును తగ్గించుకొనవలెనను శాసనమునకు లోబడ నిష్టపడక, కోకాకోలావారు ఈ దేశమును విడిచిపోయిరి. ఆ యేడే పార్లే సంస్థవారు థమ్సప్ అను పానీయమును ప్రవేశపెట్టిరి. లిమ్కా, గోల్డ్‌స్పాట్, మాజా, సిట్రా అనునవియు వారివే. పదునారు సంవత్సరములు గడచినపిమ్మట 1993లో కోకాకోలావారు మరల వచ్చిరి. వచ్చిన వెంటనే పోరునకు దిగలేదు. పార్లేవారి ఆ అయిదు పేరులను కొనివేసిరి. పార్లేకు సీసాలు నింపుచున్న స్థానిక సంస్థలలో పెక్కింటిని కూడ తరువాతి సంవత్సరములలో తమలో కలుపుకొనిరి. ప్రత్యర్థిని ఓడించుటకంటె కొనుట సులభమని ఆనాడు రుజువైనది.

అప్పుడు పానీయప్రియులు ఊరకుండిరా? ఉండలేదు. కొన్నవారు తమ సొంత కోలాపైననే దృష్టి నిలిపి థమ్సప్‌ను కొంతకాలము ఉపేక్షించిరి. అది తనంతట తానే క్షీణించునని పలువురు తలచిరి. కాని జనులు ఆ ఘాటైన రుచిని విడువలేదు. అంగడికి పోయి దానినే యడిగిరి. మన తెలుగునాట మరింత పట్టుదలతో నడిగిరి. తుదకు యజమానులే దారికి వచ్చి దానికి మరల ప్రచారము చేయవలసివచ్చినది. మన చలనచిత్ర నటులు చిరంజీవి, మహేశ్‌బాబు దాని ప్రకటనలలో కనిపించుట పాఠకులెఱిగినదే. 2021 నాటికి ఆ యొక్క పేరుమీద జరుగు వార్షిక విక్రయము నూరు కోట్ల డాలర్లకు చేరినదని సంస్థవారే ప్రకటించిరి.

ఇది పోషకుల విజయమే. కాని అర్ధవిజయము మాత్రమే. ఏలయన, అదే బేరమున చేతులు మారిన గోల్డ్‌స్పాట్ గతి యేమైనది? ఆ నారింజ పానీయమును ప్రేమించినవారు కొలదిమంది కారు. అయినను కొన్నవారికి తమ ఫాంటా యుండగా అది యనవసరమై తోచినది, అంగళ్లనుండి తొలగిపోయినది. ఒకే యజమాని, ఒకే బేరము; ఒక పేరు బ్రతికినది, ఒక పేరు చచ్చినది. లాభము కనబడినచోట ప్రజాభిమానమును మన్నించిరి, కనబడనిచోట మన్నింపలేదు. విక్రయము జరిగిన పిదప పోషకుని యభిమానము విన్నపముగా మిగులునే కాని హక్కు కానేరదు.

ఇతర దేశములయందును ఇదియే కథ. మేము బీరుపానమును ప్రోత్సహించువారము కాము. కాని ఆ వర్తకమున జరిగినది మనకు పాఠము కాదగును. ఇంగ్లండునందు 1960వ దశాబ్దిలో ఊరూరనున్న చిన్న బీరు కర్మాగారములు ఆరు పెద్ద సంస్థలలో చాలవరకు కలిసిపోయినవి. ఊరి రుచులు పోయి ఎల్లెడల ఒకే తీరు బీరు వ్యాపించుచుండగా, 1971లో నలుగురు యువకులు పూనుకొని ఒక ప్రజాసంఘమును స్థాపించిరి. అది వేలకొలది సభ్యులతో పెరిగి, పూర్వపు పద్ధతిని కాచెడి బీరును అంతరింపకుండ కాపాడినది. అమెరికాలో 2011లో షికాగో నగరపు గూస్ ఐలాండ్ అను చిన్న బీరు సంస్థను బడ్‌వైజర్‌కు స్వాములైన మహాసంస్థవారు మూడు కోట్ల ఎనుబదియెనిమిది లక్షల డాలర్లకు కొనిరి. పోషకులు ఆగ్రహించిరి. అయినను ఆ బీరులో కొంత భాగమును వేరొక రాష్ట్రమందలి పెద్ద కర్మాగారమున కాచుట ఆగలేదు. సీసాపై మాత్రము పూర్వపు పేరే నిలిచినది. తుదకు 2017లో చిన్న ఉత్పత్తిదారుల సంఘమువారు, మహాసంస్థల యధీనమున లేని బీరు సీసాలకు ఒక ప్రత్యేకముద్ర నేర్పాటు చేసిరి. ఎవరి వస్తువును కొనుచున్నారో కొనువారికి తెలియవలెననుటయే దాని యుద్దేశము.

విలీనమును సమర్థించువారి వాదమును తోసిపుచ్చుట న్యాయము కాదు. పెద్ద మూలధనము వచ్చిన కొత్త యంత్రములు వచ్చును, నీటిశుద్ధి మెరుగుపడును, సరకు దూరప్రాంతములకు పోవును, వృద్ధుడైన యజమానికి వారసులు లేనప్పుడు విక్రయమే శరణ్యమగును. ఇవి నిజములే. కాని పెద్ద సంస్థ యైనంతనే పరిశుభ్రత తనంత వచ్చునను నమ్మకము మాత్రము నిలువదు. 2003లో ఢిల్లీలోని ఒక పర్యావరణ పరిశోధన కేంద్రమువారు రెండు మహాసంస్థల పానీయములందే క్రిమిసంహారక మందుల యవశేషములను కనుగొనిరి. మరుసటి యేట పార్లమెంటు సంయుక్తసంఘము ఆ ఫలితములు సరియైనవే యని తేల్చినది. శుద్ధికి కావలసినది పరీక్ష, పర్యవేక్షణ. యజమాని పరిమాణము కాదు. ఈ నియమము ఊరి సోడా వ్యాపారికిని వర్తించును. మనవాడను పేర మురికినీటిని సహించుట దేశాభిమానము కాదు.

ఇక శాసనము సంగతి. విలీనముల వలన పోటీ నశింపకుండ చూచుటకే 2002లో పోటీ శాసనమును చేసిరి. 2011 జూనునుండి విలీనములను పరిశీలించు అధికారము పోటీ సంఘమునకు సంక్రమించినది. కాని కొనబడు సంస్థయొక్క దేశీయ ఆస్తులు 450 కోట్ల రూపాయలకు గాని, వార్షిక విక్రయములు 1250 కోట్లకు గాని మించనిచో ఆ బేరమును సామాన్యముగా సంఘమునకు తెలుపనక్కఱలేదని 2024 మార్చిలో నియమించిరి. పెద్ద పెద్ద బేరములకు ఈ హద్దు తగియుండవచ్చును. కాని ఒకటి రెండు జిల్లాలకు పరిమితమైన పానీయపు సంస్థ ఆ హద్దు నెన్నడు చేరును? ఒక మహాసంస్థ అట్టి చిన్న సంస్థలను ఒకదాని వెంట నొకటి పదింటిని కొనినను, ఏ యొక్కటియు విచారణకు రాదు. చేపలు పట్టు వలకు కన్నులు పెద్దవైనచో చిన్నచేపలు తప్పించుకొనును. ఇచ్చట చిన్నచేపలను మ్రింగు పెద్దచేపయే తప్పించుకొనుచున్నది.

పన్ను విషయమును అంతకంటె చింతనీయము. తీపి కలిసిన సోడాపానీయములపై 2017 నుండి 28 శాతము పన్నును, దానిపై 12 శాతము ఉపపన్నును విధించిరి. 2025 సెప్టెంబరు 22 నుండి రెండును కలిసి ఏకముగా 40 శాతమైనది. చక్కెర ఆరోగ్యమునకు హానికరము గనుక పన్ను వేయుట తగునని యొప్పుకొందము. కాని చిన్న తయారీదారులకు లెక్కల భారము తగ్గించుటకై యేర్పడిన సంయోజన పద్ధతి నుండి వాయుపానీయములు చేయువారిని 2019 అక్టోబరునుండి తొలగించిరి. కనుక నలుగురు కూలీలతో నడచు సోడా కార్ఖానాకును ప్రపంచవ్యాప్తమైన సంస్థకును ఒకే పన్ను, ఒకే లెక్కలు. బరువు సమానమే, మోయు భుజములు సమానములు కావు. ఇట్టి స్థితిలో చిన్నవాడు తన వ్యాపారమును విక్రయించినచో దానిని అతని దురాశ యనుట అన్యాయము.

మూడవ అడ్డు కిళ్లీకొట్టు ముందే నిలిచియుండును, అది ఫ్రిజ్. పెద్ద సంస్థలు తమ పేరు గల ఫ్రిజ్‌లను దుకాణదారులకు ఇచ్చి, అందు తమ సీసాలే యుండవలెనని కోరుట ఈ వ్యాపారమున పరిపాటి. వేసవిలో చల్లగా లేని పానీయము నెవరు కొందురు? 2005లో ఐరోపా సంఘమువారు కోకాకోలావారిచేత ఒక వాగ్దానము చేయించిరి: చల్లబరచు సాధనము వేరొకటి లేని దుకాణములలో, తామిచ్చిన పేటికలో అయిదవ వంతు చోటును ఇతరుల సరకునకు విడువవలెను. 2010 సంవత్సరాంతము వరకు అది బంధకముగా నుండెను. ఐరోపాలో సాధ్యమైన యేర్పాటు అమలాపురమునను మండపేటనను ఏల సాధ్యము కారాదు?

ప్రభుత్వము చేయవలసిన పనులు ఇందుండియే తేలుచున్నవి. చిన్న సంస్థల కొనుగోళ్లను విడివిడిగా గాక, ఒక్కొక కొనుగోలుదారుని యన్ని కొనుగోళ్లను కలిపి లెక్కించు పద్ధతి రావలెను. చిన్న తయారీదారులకు సంయోజన పద్ధతిని పునరుద్ధరింపవలెను. ఫ్రిజ్‌లో పరుల సరకునకు చోటు నియమింపవలెను. సీసాపై తయారీస్థలముతో పాటు తుది యజమాని యెవరో స్పష్టమైన తెలుగు అక్షరములలో ముద్రింపవలెను. వీనిలో నేదియు విలీనమును నిషేధించునది కాదు. విలీనము తప్ప వేరు దారిలేని దుస్థితిని తొలగించునవి మాత్రమే.

ప్రజల కర్తవ్యమును మరువరాదు. 2017లో జల్లికట్టు ఉద్యమము వెంట తమిళనాట వర్తకసంఘములవారు మార్చి 1వ తేదీనుండి విదేశీయ పానీయముల విక్రయమును మానుకొనుటకు నిర్ణయించిరి. 1916 నాటి కాళీమార్క్ సంస్థవారి బొవొంటో వంటి పానీయములకు గిరాకి పెరిగినది. ఉద్రేకము చల్లారిన పిదప పాత సీసాలు మరల అంగళ్లకెక్కినవి. ఒక మాసపు ఆవేశము కంటె నిత్యపు టలవాటు బలమైనది. పెండ్లి పందిటను, అతిథి రాకను ఊరి పానీయమును అడిగి తెప్పించుకొనువాడే దానికి నిజమైన పోషకుడు. విక్రయపత్రముపై సంతకము పడిన మరునాడు కన్నీరు కార్చువాడు కాడు.

రామచంద్రపురపు పానీయము నూరేండ్లు నిలిచినది. అది మరియొక నూరేండ్లు నిలుచుట దాని యజమానుల పట్టుదలపై మాత్రమే ఆధారపడియుండలేదు. శాసనకర్తల వివేకముపైనను, మన యలవాట్లపైనను ఆధారపడియున్నది. గోల్డ్‌స్పాట్ పోయిన పిమ్మట మనము దానిని స్మరించుచున్నాము. ఉన్నవానిని ఉన్నప్పుడే ఆదరించుట స్మరణకంటె శ్రేష్ఠమని మా మనవి.